‘ఏసేసేడు’ అంటే ఏం చేసేడు?

మా గోదారి జిల్లాల్లో ఒక మనిషి గురించి ఇంకో మనిషి "ఆడు ఏసేసేడండీ" అని ఊరుకున్నాడనుకోండి, ముందూ వెనకా ఏం లేదు, అంతే మాట, ఏం అర్థమవుద్ది మీకు? నాలుగు ప్లేట్లు ఇడ్లీ లాగించేసేడని అనుకోవచ్చు, ఊడ్పులు అయిపోయినియ్యని అనుకోవచ్చు, ఫోన్‌పేలో డబ్బులు పంపేసేడని, ఓటేసేసి వచ్చేడని, తలుపుకి తాళం పెట్టేడని, రెండు పెగ్గులు పుచ్చుకున్నాడని, చెంప పగలగొట్టేడని, ఆకరికి మనిషిని లేపేసేడని కూడా అనుకోవచ్చు. ఇన్నీ అదే మాట. కానీ మా ఊళ్ళో ఎవడూ పొరపాటు పడడు, వినేవోడికి ఠక్కున తెలిసిపోద్ది ఏది ఏసేడో, అదే నాకు ఎప్పట్నించో ఆశ్చర్యం, అందుకే ఇవాళ దీని గురించి పూర్తిగా రాద్దామని కూచున్నాను.

నేను రొయ్యల మేత, మందులు అమ్మే షాపులో కౌంటర్ దగ్గర ఉంటాను, భీమవరం చుట్టుపక్కల. పొద్దున్న షట్టర్ ఎత్తిన కాణ్ణించి రాత్రి దాకా ఈ మాట చెవిలో పడతానే ఉంటది. మొన్నామధ్య ఒక పెద్దాయన బిల్లు కోసం నిలబడ్డాడు, ఇంటి దగ్గర్నుంచి ఆవిడ ఫోన్, ఆయన స్పీకర్ పెట్టి మాట్లాడతాడు ఎప్పుడూ, ఆ మాటలు ఉన్నదున్నట్టు రాస్తున్నా చూడండి.

"ఏవండీ, ఏసుకున్నారా?"
"ఆ, ఏసుకున్నాను."
"మరి ఏసేరా?"
"పొద్దున్నే ఏసేను."
"ఎన్నేసేరేంటి?"
"మూడేసేను, మజ్జాన్నం రెండేద్దామనుకుంటున్నా, మబ్బుగా ఉంది కదా."
"ఆళ్ళకేసేరా మరి? నిన్నట్నించి ఫోన్లు చేత్తన్నారు."
"సాయంత్రం ఏస్తాలే, షాపాయన్ని అడిగి ఏయించేస్తా."

కొత్తగా వచ్చిన మనిషి వింటే ఇదేదో రహస్య భాష అనుకుంటాడు. మొదటి ఏసుకోడం బీపీ బిళ్ళ. రెండోది చెరువులో మేత. మూడు, రెండు అంటే మేత బస్తాలు, మబ్బు పట్టిన రోజు నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుద్ది, రొయ్య సరిగా తినదు, మిగిలిన మేత అడుగున కుళ్ళిపోద్ది, అందుకని తగ్గించి ఏస్తారు. ఆళ్ళకి ఏసేది కూలి డబ్బులు. ఆయనకి ఫోన్‌పే రాదు, నా చేతికి నోట్లిచ్చి నా ఫోన్లోంచి ఏయించుతాడు. ఒక్క నిమిషం కూడా లేని ఆ ఫోన్లో మొగుడి ఆరోగ్యం, చెరువు ఆరోగ్యం, కూలోళ్ళ బాకీ మూడూ అయిపోయినియ్యి, ఆవిడ ఏ వస్తువు పేరూ ఎత్తలేదు, అయినా ఆయన ఒక్కచోట కూడా "ఏంటి?" అని అడగలేదు. ఇదీ ఈ మాట బలం.

మాట అసలు రూపం వేయు. పాత పద్యాల్లో వైచు అని కనిపిస్తాది, విసరడం అనే అర్థంలో. మా నోట్లో మాట మొదట్లో వకారం నిలబడదు, వాడు ఆడవుతాడు, వెళ్ళడం ఎళ్ళడం అవుద్ది, వేశాడు కాస్తా ఏసేడు. బళ్ళో మేష్టర్లు దీన్ని దిద్దించేవోరు, వేసినాడు అని రాయమనేవోరు, రాసేవోళ్ళం, బయటికొచ్చి మళ్ళీ ఏసేడే. దాంట్లో తప్పేం లేదని నా గట్టి నమ్మకం. తెలంగాణలో ఏసిండంటారు, సీమలో ఏసినాడంటారు, అన్నీ ఒక తల్లి పిల్లలే. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తి పదకోశం తెచ్చినప్పుడు, 1962లో, మొదటి సంపుటమే వ్యవసాయ పదాల మీద వేసేరు. రైతులు నోటితో అనే మాటలు ఊరూరా పోగేసి తెచ్చినియ్యి అయ్యన్నీ. పెద్ద చదువులు చదివినాయనకి చిన్నతనం అనిపించనిది మనకెందుకు అనిపించాలి? (చూసేరా, పుస్తకం కూడా వేసేరే, పోగు కూడా ఏసేరే.)

ఇంకో విచిత్రం ఏంటంటే ఈ ఏయడం అన్నది తన పని తను చేసుకుని ఊరుకోదు, పక్క మాటల తోక పట్టుకుని ఏలాడతది. తిని వేసేడు అన్నది తినేసేడు అయ్యింది, చేసి వేసేడు చేసేసేడు, రాసి వేసేడు రాసేసేడు. పని పూర్తయిపోయింది, ఇంక వెనక్కి తిరిగేది లేదు అని చెప్పడానికి ఈ తోక. శ్రీకాకుళం వైపు ఇదే తినీసినాడు అయ్యింది. ఎండాకాలం కాలవలు కట్టేసేరు అంటాం, అంటే కాలవకి నీళ్ళు ఆపేసేరని, ఏప్రిల్లో కట్టేసి మళ్ళీ జూన్లో ఒదుల్తారు, ఆ మధ్యలో పూడికలు తీస్తారు. కట్టేసేరు అన్నదాంట్లో ఉన్న ఏసేరు కూడా ఇదే. ఇప్పుడు టైటిల్ చూడండి, ఏసేసేడు. ఏసి, మళ్ళీ వేసేడు. అదే మాట తన తోకని తనే పట్టుకుంది. రెండుసార్లు ఏసిందాన్ని ఇంక ఎవడూ తియ్యలేడు, అందుకే సినిమాల్లో చంపడానికి ఏసేసేడు అన్నది అంత గట్టిగా కుదిరింది.

ఇంట్లో చూడండి. తలుపెయ్యి అంటే మూసుకుంటది, ఫ్యానెయ్యి అంటే తిరుగుద్ది. గొళ్ళెం ఏస్తే లోపలికి ఎవడూ రాడు, కుర్చీ ఏస్తే వచ్చినోడు కూచుంటాడు. ఒకటి ఆపడం, ఒకటి మొదలెట్టడం, ఎదురెదురు పనులు, మాట ఒకటే. చిన్నపిల్లలు కూడా ఇందులో తడబడరు. మూడేళ్ళ పిల్లకి "అమ్మా, లైటేసి తలుపేసి రా" అంటే రెండూ సరిగ్గా చేసుకొస్తాది. ముగ్గేస్తాం, జడేస్తాం, మంచం వేస్తాం, అట్టేస్తాం, బజ్జీలేస్తాం. కానీ ఆవకాయ మాత్రం పెడతాం, పూతరేకు తీస్తాం. ఆత్రేయపురంలో కుండ బోర్లించి కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డని కుండ మీద అలా పరిచి లాగేస్తారు, రేకు దానంతటది లేస్తాది, దాన్ని తీస్తారు కాబట్టి తియ్యడం అన్నారు. 2023లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకు అని చెప్పే ముద్ర, కూడా వచ్చింది. పెనం మీద పోసి తిప్పేదాన్ని ఏయడం అని, కుండ మీంచి ఊడదీసేదాన్ని తియ్యడం అని, ఎంత కచ్చితంగా ఉందో చూడండి మాట. ఎవడో కూచుని నియమం పెట్టలేదు, చేసే చేతులే పెట్టుకున్నాయి.

ఇంక మందు దగ్గరికొద్దాం. ఈ మందేయడం అన్నది మా షాపులో రోజుకో గొడవ. "మందేసేవా?" అని అడిగితే చేను ఉన్నోడికి ఒక అర్థం, చెరువు ఉన్నోడికి ఒక అర్థం, ఒంట్లో బాగోనోడికి ఒక అర్థం, సాయంత్రం ఏడు దాటితే ఇంకో అర్థం. చేలో మందు అంటే యూరియా, డీఏపీ లాంటియ్యి, చేత్తో జల్లేది, దాన్నే మందేసేం అంటారు. పురుగుమందైతే పంపుతో కొడతారు, మందు కొట్టేం అంటారు. తమాషా ఏంటంటే తాగుడికి కూడా రెండూ చెల్లుతాయి, మందేసేడు, మందు కొట్టేడు. మా వైపు రైతులు ఒకటి చేస్తారు, తాగుడు సంగతైతే "ఏసొచ్చేడు" అంటారు, అంటే ఎక్కడో ఏసుకుని ఇంటికొచ్చేడని. ఆ "వచ్చేడు" తగిలిందంటే అది యూరియా కాదని అందరికీ తెలుసు. చుక్కేసేడు అన్నా అదే. కానీ "చుక్కలేయించేవా?" అంటే పల్స్ పోలియో. ఆదివారం పొద్దున్నే ఆశా కార్యకర్త గుమ్మంలో నిలబడి అడిగే మాట అది. మన దేశానికి పోలియో లేదని 2014లో ప్రకటించేరు, ఆ గెలుపు వెనకాల గుమ్మం గుమ్మానికీ తిరిగి "చుక్కలేయించేరా అమ్మా" అని అడిగిన ఆడోళ్ళు ఉన్నారు. చుక్కేయడానికీ చుక్కలేయించడానికీ మధ్య ఉన్న దూరం ఒక "లు", ఒక "ఇంచు". మా భాషలో అంత చిన్న ముక్కలే మనిషి పరువు కాపాడతాయి.

మందు పెట్టేరు అంటే వేరే, అది వశం చేసుకోడానికి అన్నంలో కలిపే మందని పాతోళ్ళ నమ్మకం. దాని జోలికెళ్ళను.

కుర్రాళ్ళ సంగతి. లైనేసేడు అంటే అమ్మాయి వెనకాల పడ్డాడు, బీటేసేడన్నా దగ్గర దగ్గర అదే. బిస్కెట్లేసేడు అంటే పొగిడి పని చేయించుకుంటున్నాడు. సెటైరేసేడు, పంచేసేడు, స్టెప్పేసేడు, స్టోరీ ఏసేడు. కొత్తగా ఏ వస్తువు ఫోన్లోకొచ్చినా దాని వెనక మా ఏయడం తగిలించేస్తే తెలుగైపోద్ది. ఏసుకోడం అన్నది ఇంకా రుచి. "నిన్న మా నాన్న నన్ను ఏసుకున్నాడు" అంటే తిట్టి పోసేడని, "ఆ వీడియో కింద జనం ఏసుకుంటున్నారు" అంటే ఉతికి ఆరేస్తున్నారని. బండేసుకుని వచ్చేడు అంటే బండి మీద వచ్చేడని, ఇదొక్కటి బయటి ఊరోళ్ళకి వింతగా ఉంటాది, బండిని ఏసుకోడమేంటి చొక్కాలాగా అని నవ్వుతారు. ఇంకో బూతు అర్థం కూడా ఉంది ఈ ఏసుకోడానికి, ఆడపిల్లల గురించి కొంతమంది వాడతారు, తెలిసినోళ్ళకి తెలుసు, అది మాత్రం నాకు అసహ్యం. బిడ్డని ఉయ్యాల్లో వేసిన మాటతో ఆ పని చేయకూడదు.

అవును, ఉయ్యాల్లో వేయడం. మనిషి జీవితమంతా ఈ మాట చుట్టూ తిరుగుద్ది. పుట్టినప్పుడు ఉయ్యాల్లో వేస్తారు, కొంచెం పెరిగితే బళ్ళో వేస్తారు, చదవకపోతే హాస్టల్లో వేస్తారు. పెళ్ళికి ఇంటి ముందు పందిరేస్తారు, కొబ్బరాకులేస్తారు, మూడు ముళ్ళేస్తే పెళ్ళయిపోద్ది. నాలుగు రాళ్ళు వెనకేసుకోవాలి అంటారు, అది పొదుపు. కొడుకు తప్పు చేస్తే వెనకేసుకొస్తావేంటి అంటారు, అది వకాల్తా. రెండింట్లోనూ వెనకే ఉంది, ఏయడమే ఉంది, ఒకటి మెచ్చుకోలు, ఒకటి దెప్పు. ఆకరికి ఫొటోకి దండేసేస్తారు. మా వైపు ఒకాయన కబురు అడిగితే "ఇంకెక్కడండీ, దండేసేసేరు" అన్నారు, పోయేడు అనే మాట నోట రాకుండా. గౌరవంగా చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? మెడలో దండేస్తే సన్మానం, పటానికి దండేస్తే చావు. దండ ఒకటే, పువ్వులు ఒకటే.

భోజనాల దగ్గర చెప్పకపోతే మా జిల్లా వోళ్ళు ఊరుకోరు. వడ్డన చేసేవోళ్ళు గరిట పట్టుకుని "ఎయ్యనా అండి, ఎయ్యనా" అంటా వస్తారు, వద్దని చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి ఏసేస్తారు, అది మర్యాద. "ఏయించుకోండి మావయ్యగారూ, మీరేంటి ఏమీ ఏయించుకోట్లేదు" అని ఎవరన్నా అనకపోతే ఆ పెళ్ళి భోజనం భోజనమే కాదు. తర్వాత నెలరోజులు మాట్లాడుకునేది కూడా అదే, ఫలానా వోళ్ళు ముక్క బాగా ఏసేరు, ఫలానా వోళ్ళు ఏయలేదు. ముక్కెయ్ అన్న మాటనే పేకాటలో ఇంకో రకంగా వాడతారు, చేతిలోది కింద పడెయ్ అని. పులస సీజన్లో, అంటే గోదారికి ఎర్రనీళ్ళు తగిలి సముద్రం నించి చేప ఎదురెక్కి వచ్చే రోజుల్లో, ముక్కేసే చెయ్యి మాత్రం కొంచెం బిగుసుకుంటాది, ఆ రేటుకి ఎవరిని తప్పు పట్టగలం, పుస్తెలు అమ్మైనా తినాలన్నారు కానీ పుస్తెలు అమ్మైనా పెట్టాలని ఎవరూ అన్లేదు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన, బాగా బాధ పెట్టే సంగతి. మా డెల్టాలో ఇద్దరు రైతులు కలిస్తే మొట్టమొదట అడిగే మాట "ఈయేడు ఏమేసేవ్?" పలకరింపు అది. ఎలా ఉన్నావ్ అన్నదానికి బదులు అదే. నా చిన్నప్పుడు దీనికి జవాబు వరి రకం. సార్వాకి, అంటే వానాకాలం పంటకి, స్వర్ణేసేం, దాళ్వాకి, అంటే రెండో పంటకి, ఫలానా ఏసేం. స్వర్ణ అంటే ఎంటీయూ 7029, మారుటేరు పరిశోధనా స్థానంలో పుట్టింది, ఆ స్థానం 1925 నించి ఉంది. వశిష్ఠ అనే రకాన్నీ మసూరినీ కలిపి ఆ విత్తనం తీసేరు, 1982లో విడుదల చేసేరు. మా ఊరి పక్కన పారే పాయ పేరు వశిష్ఠ, ఆ పేరున్న వరిలోంచి పుట్టిన విత్తనం ఇక్కణ్ణించి ఒరిస్సా, బెంగాల్ దాకా పాకిపోయింది. ధవళేశ్వరంలో కాటన్ పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీ పూర్తయ్యింది కూడా 1982లోనే. అప్పట్లో ఏమేసేవ్ అంటే నంబరు చెప్పేవోరు, డెబ్భై ఇరవైతొమ్మిది లాంటియ్యి, ఆ నంబర్లు మా ఇళ్ళల్లో పిల్లల పుట్టినరోజుల్లాగా నోటికొచ్చి ఉండేయి.

ఇప్పుడు అదే ప్రశ్న మా షాపు మెట్ల మీద వినపడతాది, ఏమేసేవ్ బాబాయ్ అని, జవాబు మాత్రం వేరు. "ఎకరానికి లక్షేసేం." లక్ష అంటే డబ్బు కాదు, రొయ్యపిల్లలు. హేచరీ నించి, అంటే పిల్లల్ని పుట్టించే చోటు నించి, ఆక్సిజన్ పట్టిన ప్లాస్టిక్ సంచుల్లో వస్తాయి, సన్నగా వెంట్రుక ముక్కల్లాగా ఉంటాయి, సంచిని కాసేపు చెరువు నీళ్ళ మీద తేలేసి, లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒక వేడికి వచ్చేక మెల్లిగా మూతి విప్పి వంచుతారు. దాన్నే పిల్లేయడం అంటారు. తొంభైల్లో టైగర్ రొయ్య ఏసేరు, తెల్లమచ్చ తెగులొచ్చి చాలామంది మునిగేరు. తర్వాత 2009లో వనామి అనే ఇంకో రొయ్య రకానికి మన దేశంలో అనుమతి వచ్చింది, అక్కణ్ణించి చేలు చెరువులవడం ఇంకా ఊపందుకుంది. ఇది మంచా చెడా అంటే నేను ఆ మేత అమ్ముకుని బతుకుతున్నవోణ్ణి, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది) బాగా వచ్చి రేటు పలికినప్పుడు రైతు మొహంలో వెలుగు చూసేను, ఒక్క రాత్రి ఏరేటర్లకి, అంటే నీళ్ళని చిలికి ఆక్సిజన్ ఎక్కించే మిషన్లకి, కరెంటు పోయి పొద్దున్నకి చెరువంతా తేలిపోయినప్పుడు అదే మొహం చూసేను. పక్క చేలోకి ఉప్పు ఊరి వరి ఎర్రబడిపోతే ఆ రైతు ఏం చేస్తాడు, ఆయన కూడా చెరువే ఏస్తాడు. అక్కడ ఇష్టం ఏం లేదు, దారి లేక ఏసేదే. వరేయడం, పిల్లేయడం, ప్రశ్న అదే ఏమేసేవ్. ఊరు మారిపోయిందని ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ ప్రశ్నకి జవాబులు వింటే చాలు.

చెరువు గట్టు మీద ఇంకా ఉన్నాయి. ఏరేటరేసేవా అంటే స్విచ్చి, సున్నం ఏసేవా అంటే నీళ్ళ కోసం, ట్రే ఏసేవా అంటే మేత తింటుందో లేదో చూడ్డానికి ముంచే పళ్ళెం, వలేసేవా అంటే పట్టుబడి (చెరువులో రొయ్యంతా పట్టేయడం) కాదు, వారానికోసారి విసురు వల విసిరి నాలుగు రొయ్యలు తీసి బరువు చూడ్డం. అసలు పట్టుబడిని పట్టుబడే అంటారు. ఈ వలేయడమే ఊళ్ళోకొస్తే మనిషిని బుట్టలో వేసుకోడం, గేలం వేసేడన్నా అంతే. చేపలు పట్టేవోళ్ళ మాట రాజకీయాల్లోకి ఎంత సులువుగా ఎక్కేసిందో ఎలక్షన్లప్పుడు టీ కొట్టు దగ్గర కూచుంటే తెలుస్తాది.

గోదారి కూడా ఏస్తాదండి. వరద తగ్గేక లంకల్లో, అంటే ఏటి మధ్యలో ఉండే దిబ్బల్లో, "ఈసారి ఏమేసింది?" అంటారు, ఒండ్రేసిందా, ఇసక మేటేసిందా అని. ఒండ్రేస్తే ఆ లంకలో కూరగాయలు, అరటి ఇరగ కాస్తాయి, ఇసక మేటేస్తే ఆ పొలం పోయినట్టే, ఎత్తి పోయించుకోవాలి. 1986 ఆగస్టు వరద గురించి పెద్దోళ్ళు ఇప్పటికీ చెప్తారు, 2022 జులైలో మేం కూడా చూసేం, మూడో ప్రమాద హెచ్చరిక దాటిపోయింది, ఏటిగట్లు ఎక్కడ తెగుతాయో అని రాత్రుళ్ళు ఇసక బస్తాలేసేరు. ఈ మొత్తం డెల్టా ఎన్నో వేల ఏళ్ళ నించి గోదారి ఏసుకుంటా వచ్చిన మట్టే కదా, మేం ఏసేదేదైనా ఆవిడ ఏసిందాని మీదే ఏస్తాం.

పోతున్న అర్థాలు కూడా ఉన్నాయి, వాటి గురించి రాయాలనే అసలు మొదలెట్టేను. కుప్పేయడం. మా చిన్న మావయ్యని కూచోబెట్టి అడిగితే గంటసేపు చెప్పేడు. కోసిన వరి పనలు ఎండకి ఆరేక మోసుకొచ్చి గట్టు మీద, మెరక చూసి కుప్పేసేవోరు. ఎవడు పడితే ఆడు ఏసేది కాదు, కుప్పేసే మనిషి వేరే ఉండేవోడు ఊళ్ళో. ఎన్నులు లోపలికి, మొదళ్ళు బయటికి, చుట్టూ తిరుగుతా పేర్చుకుంటా పైకెళ్ళి, పైన కొప్పులాగా ముగించాలి. మధ్యలో ఎత్తుండాలి, అంచులు వాలుండాలి, అప్పుడు పడ్డ వాన పడ్డట్టు జారి బయటికి పోద్ది, గింజకి చుక్క తగలదు. వాలు కుదరకపోతే నీళ్ళు లోపలికి దిగి గింజ మొలకొచ్చేస్తాది. "బాగా ఏసిన కుప్ప తుఫానుకి కూడా నిలబడుద్దిరా" అన్నాడు మావయ్య. సార్వా కోతలకీ తుఫాన్లకీ సరిగ్గా ఒకటే కాలం, కార్తీకం, మార్గశిరం. 1996 నవంబర్లో కోనసీమ మీద పడ్డ తుఫానుకి కొబ్బరిచెట్లు తోటలకి తోటలు నేల కూలినియ్యి, ఆ తర్వాత ఏ యేడు రేడియోలో వాయుగుండం అన్నా ఊళ్ళో ఒకటే ప్రశ్న, "కుప్పేసేసేరా?" అక్కడ ఆ రెండో "సే" కి విలువుంది. ఏసేరా అని కాదు, పూర్తిగా ఏసేసేరా, కొప్పు పెట్టేసేరా అని.

ఇప్పుడు కోత మిషనొచ్చింది. మిషనేస్తే గంటల్లో ఎకరాలకి ఎకరాలు అయిపోద్ది, కుప్ప లేదు, నూర్పు లేదు. కూలోళ్ళు దొరకరు, రైతుని తప్పు పట్టడానికేం లేదు. మా తమ్ముడి కొడుకుని అడిగితే కుప్పేయడం అంటే ట్రాక్టర్లోంచి ధాన్యం కుప్పగా పోయడం అనుకుంటున్నాడు. ఎన్నులు లోపలికి, మొదళ్ళు బయటికి అన్న తెలివంతా ఆ మాటలో ఉంది, ఆ మాటతో పాటు పోతుంది. మావయ్య చెప్పిందంతా ఫోన్లో రికార్డు చేసేను, ఆయనతో పాటు కుప్పలేసినవోళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు, వాళ్ళ దగ్గరికీ వెళ్తాను.

మిషను కోసిన ధాన్యం పచ్చిగా దిగుద్ది. కొనాలంటే తేమ 17 శాతం దాటకూడదంటారు, అందుకని డిసెంబర్లో మా వైపు రండి, రోడ్డుకి ఒక పక్కంతా ధాన్యమే, ఆడోళ్ళు కాళ్ళతో దున్నుతా తిప్పుతా ఉంటారు. సాయంత్రానికి మబ్బు పట్టిందంటే ఊరు ఊరంతా పరుగు, ఇప్పుడు అరుచుకునే మాట వేరు, ధాన్యం మీద కప్పే టార్పాలిన్ని మేం బరకం అంటాం.

"ఒరే, బరకాలేసేరా?"
"ఒకటేసేం మావా, ఇంకోటి చాల్లేదు!"
"మా షెడ్డులో ఉంది, తెచ్చేసుకో. అంచుల మీద రాళ్ళెయ్యండర్రా, గాలొస్తంది!"